ప్రతిరోజూ పది ముప్పై ఐదుకి

నేను అనుమానపు మనిషిని. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ తేలిక. పాలలో నీళ్ళు కనిపిస్తే కాదు, కనిపించకపోతే నాకు అనుమానం. మా ఆవిడ అయితే, "మీరు గుడికెళ్ళినా దేవుడి వెనకాల ఎవరున్నారో చూసిగానీ దణ్ణం పెట్టరు" అనేది. గవర్నమెంటు ఉద్యోగంలో ఈ గుణం బాగానే పనికొస్తుంది. నాకు ముప్పై ఏళ్ళకు పైగా పనికొచ్చింది. ఒక్కసారి మాత్రం నా అనుమానం ఒకరి బతుకు మీదికి వెళ్ళింది, దాని గురించే ఇది.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకు ఇదంతా వింతగా ఉంటుంది. మీ జేబుల్లోనే ఫోన్లున్నాయి. ఆఫీసు కంప్యూటర్లో ఫలానా సైట్లు చూడరాదని సర్క్యులర్ వస్తే నవ్వుకుని ఫైల్లో పెట్టేస్తారు. మాకు అలా కాదు. సర్క్యులర్ వచ్చిందంటే దానికి ఒక రిజిస్టరు, రిజిస్టరుకి ఒక బాధ్యుడు, బాధ్యుడికి ఒక నేరస్థుడు దొరకాల్సిందే.

ముందు కార్బన్ పేపరు సంగతి చెప్పాలి. తొంభైల్లో నేను పాడేరు వైపు ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అక్కడి టైపిస్టు మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసుకుని ఏదో తెగ కొడుతుండేవాడు. అడిగితే అర్జెంటు రిపోర్టనేవాడు. ఒకరోజు అతను భోజనానికి వెళ్ళాక చెత్తబుట్టలోంచి కార్బన్ తీసి కిటికీకి ఎదురుగా పెట్టి చూశాను. అక్షరాలన్నీ వెలుతురులో తెల్లగా కనిపించాయి. అర్జెంటు రిపోర్టు కాదు, వాళ్ళ బావమరిది పెళ్ళి సంబంధాల కోసం కొట్టిన వివరాలు, పది కాపీలు. ఆ కార్బన్ తీసుకెళ్ళి పై అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన నా భుజం తట్టాడు. ఆ తట్టుడే నన్ను పాడు చేసింది, ఇప్పుడు ఆలోచిస్తే.

రెండువేలు దాటి ఆరేడేళ్ళయ్యాక, రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళు కూడా లేవనగా, అరకు దాటి కొండల్లో ఉన్న ఒక మండలాఫీసుకి సీనియర్ అసిస్టెంటుగా వేశారు. వర్షాకాలంలో అక్కడ ఫైళ్ళకి బూజు పట్టకుండా బీరువాలో ఒక బల్బు వెలిగించి ఉంచేవాళ్ళం. ఆఫీసు మొత్తానికి ఇంటర్నెట్టున్న కంప్యూటర్ ఒక్కటి. దానికి పాస్‌వర్డ్ ఒక్కటి. ఆ పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మానిటరు అంచుకే అతికించి ఉండేది.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునే ఆపరేటరు ఒక అమ్మాయి. పైన కొండమీద గూడెం నుంచి వచ్చింది, జీపు దిగాక గంటన్నర నడవాలి. ఆశ్రమ పాఠశాలలో చదివి, వైజాగ్‌లో కంప్యూటర్ కోర్సు చేసి, కాంట్రాక్టు మీద చేరింది. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించాలి. ఆ గూడెంలో నెల జీతం తెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. వాళ్ళమ్మ ప్రతి సంతరోజూ పసుపూ పిప్పళ్ళూ అమ్ముకుని, తట్ట ఖాళీ అయ్యాక మా ఆఫీసు కిటికీ దగ్గరకొచ్చి ఊచలు పట్టుకుని నిలబడేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు.

"ఏటీ వొద్దు బాబూ. మా గుంట కుర్సీలో కూకుంది కదా, సూసి పోతాను" అనేది.

కూతుర్ని కాసేపు చూసి, నిజంగానే వెళ్ళిపోయేది.

అలాంటి రోజుల్లో ఆ సర్క్యులర్ వచ్చింది. ప్రభుత్వ కంప్యూటర్లలో స్నేహితుల్ని పోగేసుకునే సైట్లు, ఫొటోలు పెట్టుకునే సైట్లు తెరవరాదు. ప్రతి ఆఫీసులో ఒక బాధ్యుణ్ణి పెట్టాలి. ఆయన ఆ సైట్లు తెరుచుకుంటున్నాయో లేదో ఎప్పటికప్పుడు పరీక్షించి, ఎవరైనా వాడుతుంటే రిపోర్టు పంపాలి. మా మండలాధికారి కాగితం నా వైపు తోసి, "దీనికి మీకంటే తగినవాళ్ళెవరున్నారండీ" అన్నారు. ఎగతాళో మెప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. అప్పుడు మాత్రం మెప్పే అనుకున్నాను.

కొత్త రిజిస్టరు తీశాను. పేజీలకి నంబర్లు వేసి, ఇందులో నూరు పేజీలున్నవి అని మొదటి పేజీలో రాసి సంతకం పెట్టాను. తేదీ, టైము, పరీక్షించిన సైటు, ఫలితం అని గళ్ళు గీశాను. మా జూనియర్ అసిస్టెంటు, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుర్రాడు, రోజంతా కంప్యూటర్లో పేకాడేవాడు. పేకాట సర్క్యులర్లో లేదు గనక నేనేమీ అనలేదు. అతనే నాకు ఒక కిటుకు నేర్పాడు. ఫలానా చోట నొక్కితే ఆ కంప్యూటర్లో ఏ రోజు ఏ సైటు తెరిచారో పక్కన జాబితా వస్తుంది. ఈరోజు, నిన్న, పోయిన వారం అని వరసగా ఉంటుంది. అది చూడగానే నాకు పాత కార్బన్ పేపరు గుర్తొచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

మొదటిరోజు ఆ అమ్మాయిని ఫైలు తెమ్మని పంపి, ఆమె కుర్చీలో కూర్చున్నాను. సర్క్యులర్లోని మొదటి సైటు పేరు ఒక్క వేలితో ఒక్కో అక్షరం కొట్టాను. తెరుచుకుంది. ఎవరెవరివో మొహాలు నవ్వుతున్నాయి. గబుక్కున మూసేసి రిజిస్టర్లో రాశాను: ఉదయం పది ముప్పై ఐదు, తెరుచుకుంటున్నది.

మర్నాడు అదే వేళకి మళ్ళీ కూర్చుని జాబితా చూశాను. 'నిన్న' అన్న మాట కింద ఆ సైటు పేరు ఉంది. అంటే నిన్న ఎవరో చూశారన్నమాట. సైటు ఇంకా తెరుచుకుంటోందో లేదో తెరిచి చూశాను. తెరుచుకుంది. మూసేసి, టైము వేసి, రాశాను. మూడో రోజూ అంతే. 'నిన్న' కింద మళ్ళీ అదే పేరు. ఎంత ధైర్యం, నేను ఇలా నిఘా పెట్టినా మానడం లేదు అని పళ్ళు కొరుక్కున్నాను.

అక్కణ్ణుంచి నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. ఆ అమ్మాయి వైపు వెళితే తెర మీద ఏదో చటుక్కున మూసేది. అదేమిటమ్మా అంటే, "మీరు ఎనకాల నిలబడితే సేతులాడవు సార్" అనేది. చేతులాడకపోవడానికి కారణం ఉండాలిగా అనుకునేవాణ్ణి. ఆమె నవ్వితే ఎవరికో నవ్వుతోందనిపించేది. నవ్వకపోతే దాస్తోందనిపించేది. మా అటెండరు, ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన పెద్దమనిషి, మౌస్ ముట్టుకోవాలంటేనే భయపడేవాడు. ఒకరోజు ఆ భయం కూడా నటనేమో అనిపించి అతని వేళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఏటి సార్ అలా సూత్తన్నారు, సేతికేటైనా అంటిందేటి" అని అడిగాడు పాపం.

మధ్యలో ఇటికల పండగ, ఆ కొండల్లో మగవాళ్ళు వేటకెళ్ళే పండగ, వచ్చింది. ఆ అమ్మాయి మూడు రోజులు సెలవు పెట్టి వాళ్ళ గూడెం వెళ్ళింది. సరే, ఇప్పుడు తేలుతుంది అనుకున్నాను. ఆ మూడు రోజులూ పరీక్ష మానలేదు. నాలుగో రోజు జాబితా చూస్తే, మూడు రోజులూ ఆ సైటు పేరు ఉంది. మామూలు బుర్రున్న వాడెవడైనా అక్కడ ఆగి, అయితే ఈ పిల్ల కాదన్నమాట అనుకుంటాడు. నేనేమనుకున్నానో తెలుసా? తను లేనప్పుడు కూడా వాడుకోమని ఎవరికో అప్పగించి వెళ్ళింది, పెద్ద ముఠాయే ఉంది అనుకున్నాను.

రిపోర్టు రాశాను. ఆఫీసులో టైపు చేసేది ఆమే గనక ఆమెకివ్వలేక చేత్తో రాశాను. ఆపరేటరు మీద గట్టి అనుమానం కలదు, విచారించ ప్రార్థన. నా రాత అప్పట్లో ముత్యాల్లా ఉండేది.

ఇరవై రోజులకి జిల్లా నుంచి విచారణ అధికారి వచ్చాడు. అది సంతరోజు. వాన పడి వెలిసింది. మండలాధికారి గదిలో ఆయన, విచారణ అధికారి కూర్చున్నారు, నేను బల్ల పక్కన. ఒళ్ళో నా రిజిస్టరు, దాని మీద నా అరచెయ్యి. అడిగిన వెంటనే తీసి చూపించి శభాష్ అనిపించుకోవాలని ఉదయం నుంచీ ఎదురుచూస్తున్నాను. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడింది. అటెండరు గుమ్మంలో టీ గ్లాసులతో ఉన్నాడు.

విచారణ అధికారి సంచిలోంచి ఒక కాగితం తీశాడు. మా ఆఫీసు లైను మీద ఏ సైటు ఎప్పుడు తెరిచారో జిల్లాలో ఉన్న కంప్యూటర్లో నమోదవుతుందట. మేము ఎరగం. ఇదిగో మీ ఆఫీసు జాబితా అని చదవడం మొదలుపెట్టాడు.

"సోమవారం పది ముప్పై ఐదు. మంగళవారం పది ముప్పై ఐదు. బుధవారం పది ముప్పై ఆరు. గురువారం పది ముప్పై ఐదు..."

మొదటి రెండూ విన్నప్పుడు, చూశారా దొరికింది అనుకున్నాను. మూడోది విన్నాక ఎక్కడో విన్న లెక్కలా అనిపించింది. నాలుగోదానికి నా అరచెయ్యి కింద రిజిస్టరు బరువెక్కింది. నేను పదింబావుకి హాజరు సంతకం పెట్టి, ఎవరెవరు ఇంకా రాలేదో చూసుకుని, టీ తాగి, పదిన్నరకి ఆ పిల్లని కుర్చీలోంచి లేపేవాణ్ణి. ఒక్క వేలితో అక్షరాలు కొట్టడానికి నాకు ఐదు నిమిషాలు పట్టేది.

మీకు ఇది ఎప్పుడో అర్థమయిపోయి ఉంటుంది. నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. కార్బన్ పేపర్ని ఎన్నిసార్లు వెలుతురులో పెట్టి చూసినా దాని మీద కొత్త అక్షరం పడదు. కంప్యూటర్ కూడా అంతే అనుకున్నాను. నేను వాడటం లేదు, చూస్తున్నాను అనుకున్నాను. చూడటమే వాడటమని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

"ఏమమ్మా, ఏమంటావు" అన్నాడు అధికారి.

ఆ అమ్మాయి నేల వైపు చూస్తూ, "ఒక్కపాలి తెరిసాను సార్. ఆ సర్క్యులర్ వొచ్చిన దినం. అందులో ఏటుంతాదో సూద్దామని. మల్లీ తెరవలేదు" అంది.

"ఒకసారి తెరిచినవాళ్ళు ముప్పైసార్లు తెరవరా?"

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. కోపంగా కాదు. క్లాసులో లెక్క తెలిసిన పిల్లవాడు లేచి జవాబు చెప్తాడేమోనని వాడి వైపు చూస్తామే, అలా చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. కరెంటు లేదు, అది తిరగడం లేదు.

గుమ్మంలోంచి అటెండరు, పాపం ఎన్నడూ అధికారుల మధ్య నోరెత్తని మనిషి, "బాబూ, ఇటికల పండక్కి ఈ గుంట ఊరెల్నాది. మూడు దినాలు ఇక్కడ నేదు. ఆ దినాలు కూడా అందులో రాసుందేటో సూడండి" అన్నాడు.

అధికారి కాగితం మీద వేలు పెట్టి వెతికాడు. ఉన్నాయి. ఆయన నా వైపు తిరిగి, "ఏమండీ పెద్దాయనా, దీనికేమంటారు?" అన్నాడు.

అదీ నా రోజు. ముప్పై ఏళ్ళ సర్వీసులో దేవుడు నా చేతికి తాళం చెవి ఇచ్చిన రోజు అదొక్కటే. ఒళ్ళో రిజిస్టరు తీసి బల్ల మీద పెడితే చాలు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే నిమిషానికి నిమిషం సరిపోతుంది. ఆ పిల్ల ఉద్యోగం నిలబడుతుంది.

నేను అన్న మాట ఇది: "పాస్‌వర్డ్ ఆ అమ్మాయి దగ్గరే ఉంటుంది సార్."

అబద్ధం కాదు చూడండి. మానిటరు ఆమెదే, చీటీ దాని మీదే ఉంది. ఆయన రాసుకున్నాడు. నన్ను రిజిస్టరు అడగలేదు. అడిగితే ఇచ్చేవాణ్ణే అని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. మీరు నమ్మనక్కర్లేదు, నేనూ నమ్మలేదు.

ఎందుకలా అన్నాను? రిటైర్మెంటు దగ్గర్లో ఉంది, విచారణ నా మీదికి తిరిగితే పెన్షన్ ఆగిపోతుందన్న భయం ఉంది. అది సగం. మిగతా సగం సిగ్గు. దొంగని పట్టడానికి కాపలా కూర్చున్నవాడే ముప్పైసార్లు దొంగతనం చేసి, టైము వేసి, సంతకం కూడా పెట్టాడని జిల్లా అంతా నవ్వుతుంది. ఒక పిల్ల ఉద్యోగం పోవడం కంటే నేను నవ్వులపాలవడం పెద్ద విషయమనిపించింది. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు కుంచించుకుపోతోంది.

బయటికొచ్చేసరికి కిటికీ ఊచలు పట్టుకుని వాళ్ళమ్మ ఉంది. తట్ట పక్కన పెట్టుకుంది. కూతురు కుర్చీలోకి వెళ్ళి కూర్చునేదాకా ఆగి, చూసుకుని, వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. కాంట్రాక్టు పొడిగించడం లేదు. ఆ అమ్మాయి ఏడవలేదు, గొడవ పడలేదు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పింది. మానిటరుకి అతికించిన పాస్‌వర్డ్ చీటీ జాగ్రత్తగా ఊడదీసి నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాతి సంతరోజు వాళ్ళమ్మ మామూలుగానే కిటికీ దగ్గరకొచ్చింది. కుర్చీలో జూనియర్ అసిస్టెంటు పేకాడుతున్నాడు.

"మా గుంటేదీ బాబూ?"

తల్లికి చెప్పలేదన్నమాట. నా నోట్లోంచి, "సెలవు పెట్టిందమ్మా" అని వచ్చేసింది. ఆమె సరేనని తల ఊపి, ఆ ఖాళీ లేని కుర్చీ వైపు కాసేపు చూసి వెళ్ళింది. మళ్ళీ ఆ కిటికీ దగ్గరకి రాలేదు. నాకు ఆ వారం రోజులూ ఇంట్లో అడుగుపెట్టబుద్ధి కాలేదు.

నేను పరీక్షలు మానేశాను. రిజిస్టరు చింపేద్దామనుకున్నాను, కానీ మొదటి పేజీలో నూరు పేజీలున్నవి అని నేనే సంతకం పెట్టాను. సంతకం పెట్టిన రిజిస్టర్లో పేజీ చింపడం నాకు చేతకాలేదు. బీరువాలో బల్బు పక్కన పెట్టేశాను. రెండు నెలలకి జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఆఫీసులో నిషేధిత సైట్ల వాడకం పూర్తిగా ఆగిపోయినది, బాధ్యులకు అభినందనలు అని. మండలాధికారి అందరిముందూ చదివి, "చూశారా, ఆ అమ్మాయి వెళ్ళగానే ఆగిపోయింది. మీ అనుమానం నిజమే" అన్నారు. అటెండరు నా వైపు చూశాడు. ఇక అక్కణ్ణుంచి నా అనుమానం దారి మళ్ళింది. ఎవరు ఏం చేస్తున్నారని కాదు, ఎవరికి ఎంత తెలుసునని. నేను వస్తే టీకొట్టు దగ్గర మాటలు ఆగినట్టుండేవి. అటెండరు బీరువా తుడిస్తే ఆ రిజిస్టరు తెరిచాడేమోనని వెళ్ళి చూసేవాణ్ణి. వీడ్కోలు సభలో మచ్చలేని సర్వీసు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అటెండరు చేతుల్లో టీ ట్రే ఉంది గనక కొట్టలేదో, కొట్టకూడదని ట్రే పట్టుకున్నాడో నాకు తెలీదు.

రిటైరయ్యాక పెన్షన్ దరఖాస్తులో ఒక కాగితం తేడా వచ్చింది. మెయిల్లో వచ్చిన కాపీ తీయించుకోవాలి. ఆఫీసున్న ఊళ్ళోనే బజారు వీధిలో, కింద మైదాన ప్రాంతం నుంచి వచ్చిన కోమట్ల కిరాణా కొట్టు పక్కన కొత్తగా ఇంటర్నెట్టు షాపు పెట్టారంటే వెళ్ళాను. చిన్న గది, రెండు కంప్యూటర్లు. కౌంటర్ వెనకాల ఆ అమ్మాయి.

వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. ఆమె అప్పటికే చూసేసింది.

"రండి సార్, కూకోండి" అని కుర్చీ లాగింది. పొడుగాటి పుస్తకం ఒకటి నా ముందు పెట్టింది. "పోలీసోల్లు సూత్తారు సార్. పేరు, వొచ్చిన టైము, ఏ పనికొచ్చారో రాయాల. ఎల్లినప్పుడు కూడా టైము ఎయ్యాల." గళ్ళు స్కేలు పెట్టి తిన్నగా గీసి ఉన్నాయి. మొదటి పేజీ తిప్పి చూడకుండా ఉండలేకపోయాను. ఇందులో నూరు పేజీలున్నవి అని రాసి సంతకం పెట్టి ఉంది. మా ఆఫీసులో నేర్చుకున్నదే.

పేరు రాశాను. పని అన్నచోట పెన్షన్ కాగితం అని రాశాను. ఆమె రెండు నిమిషాల్లో కాగితం తీసి, మడత పడకుండా కవరులో పెట్టి ఇచ్చింది. అమ్మ ఎలా ఉందని అడిగాను. బాగుందంది. సంతరోజు ఇక్కడికే వస్తుందట, లోపలికొచ్చి కూర్చుంటుందట.

లేవబోయి, నా వల్ల కాలేదు. అడిగేశాను. "ఆరోజు నువ్వెందుకు చెప్పలేదమ్మా? రోజూ నిన్ను లేపి కూర్చునేది నేనే కదా. నీకు తెలుసు."

ఆమె పుస్తకం అంచు కౌంటరుకి తిన్నగా సర్దింది.

"మొదటి వారంలోనే తెలుసు సార్. కానీ నాను సెప్తే నమ్ముతారేటి? మీరు సెప్తే నమ్ముతారు. అందుకే మీ ఏపు సూసాను."

పుస్తకం దగ్గరికి లాక్కున్నాను. పని అన్న గడిలో పెన్షన్ కాగితం అన్న మాట పక్కన ఇంకా చోటుంది. అక్కడ ఏదో ఒకటి రాయాలని, ఇన్నాళ్ళూ రాయనిది ఇప్పుడైనా రాయాలని, పెన్ను పెట్టి అలాగే ఉండిపోయాను.

ఆమె వేలితో చివరి గడి చూపించింది.

"ఇప్పుడేటి రాత్తారు సార్. టైమొక్కటి ఎయ్యండి, సాలు."

గోడ గడియారం చూసి టైము వేశాను.